వోల్టుకీ ఆంపుకీ తేడా తెలియని ప్రశ్నలు: చదువులు ఇంత దిగజారాయా?

#1 మల్టీమీటర్

ఈమధ్య ఈ ఎలక్ట్రానిక్స్ ఫోరంలో వస్తున్న ప్రశ్నలు చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. మచ్చుకి నాలుగు:

"పాత ఛార్జర్ 1 ఆంపు, కొత్తది 3 ఆంపులు. పెడితే ఫోన్‌లోకి మూడు రెట్లు కరెంటు దూరి పేలిపోదా?"

"గోడ సాకెట్‌లో ఎన్ని వాట్లు వస్తాయి?"

"10000 మిల్లీ ఆంప్ అవర్ పవర్ బ్యాంక్‌తో 5000 బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు ఎక్కాలి కదా. ఒకటిన్నర సారే ఎక్కుతోంది. మోసం!"

"సర్క్యూట్ పని చేయట్లేదు. అర్జంట్." బొమ్మ లేదు, ఫొటో లేదు, ఏ సర్క్యూటో కూడా రాయలేదు.

ఇవన్నీ హైస్కూల్లో తేలిపోవాల్సినవి. అడుగుతున్నది చిన్నపిల్లలూ కాదు, సగం మంది డిగ్రీలు చేతబట్టుకున్నవాళ్ళే. చేరే ముందు ఓ చిన్న పరీక్ష పెట్టి వడపోస్తే తప్ప ఈ విభాగం బాగుపడదు.

#2 సుద్దముక్క

మల్టీమీటర్ గారూ, మీ నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. నాలుగోది బద్ధకం. రెండోది మాటలు కలగాపులగం చేయడం. మూడోది నిజానికి మంచి ప్రశ్న, దాని సంగతి ఇంకెవరైనా చెప్తారు. మొదటిదే అసలు జబ్బు. అది తెలివితక్కువ వల్ల వచ్చింది కాదు, మనం చెప్పిన పాఠం వల్లే వచ్చింది.

పాఠ్యపుస్తకాల్లో లెక్కలెలా ఉంటాయో చూడండి. వోల్టేజీ ఇస్తారు, నిరోధం ఇస్తారు, కరెంటు అడుగుతారు. లేదా కరెంటు, నిరోధం ఇచ్చి వోల్టేజీ అడుగుతారు. మూడింట్లో రెండు ఇస్తే మూడోది రాబట్టడం, అంతే. ఇలాంటివి యాభై చేసిన పిల్లాడికి అడాప్టర్ మీద "12 వోల్టులు, 3 ఆంపులు" అని కనపడగానే రెండూ "ఇచ్చిన విలువలు" అయిపోతాయి. ఆ 3 అనేది తోసే కరెంటు కాదు, మోయగలిగిన హద్దు అని చెప్పే లెక్క ఒక్కటీ వాడి పుస్తకంలో లేదు.

ఈ లోపం ఉందో లేదో పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "12 వోల్టుల 3 ఆంపుల అడాప్టర్‌ని ప్లగ్‌లో పెట్టాం. అవతలి కొసకి ఏమీ తగిలించలేదు. ఆ తీగలో కరెంటు ఎంత?" 3 అన్నవాడి బుర్రలో కరెంటు అడాప్టర్ లోపల నిల్వ ఉండే సరుకు. వాడికి ఫార్ములా మళ్ళీ చెప్పి లాభం లేదు, అది వాడికి కంఠతా వచ్చు.

రెండో పరీక్ష: బ్యాటరీకి ఒక బల్బు వెలుగుతోంది. అలాంటిదే ఇంకోటి సమాంతరంగా కలిపితే మొదటిది మసకబారుతుందా? "కరెంటు ఇద్దరూ పంచుకోవాలి కదా" అంటే అదే జబ్బు. క్లాసులో చేసి చూపించేటప్పుడు మాత్రం జాగ్రత్త. నీరసించిన సెల్ వాడితే దాని అంతర్గత నిరోధం వల్ల మొదటి బల్బు నిజంగానే మసకబారుతుంది. తప్పు ఆలోచనకి మనమే ముద్ర వేసినట్టవుతుంది. రెండు బల్బుల భారానికి బాగా మించిన అడాప్టర్ వాడండి.

#3 పాతకాపు

మాస్టారూ, ఎన్ని చెప్పినా కాలిక్యులేటర్ వచ్చాక అంచనా వేసే అలవాటే చచ్చిపోయింది. లాగరిథమ్ పట్టికలు తిప్పినవాడికి దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో ముందే తెలిసి తీరాలి, పట్టిక అది చెప్పదు కాబట్టి. ఇప్పుడు యంత్రం ఏది చూపిస్తే అదే వేదం.

#4 గళ్ళకాగితం

పట్టికల మాట ఒప్పుకుంటాను. "ఒకప్పుడు అందరికీ వచ్చు" అంటే మాత్రం ఒప్పుకోను. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి మదింపులో 13 ఏళ్ళ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు: 12/13 + 7/8 సుమారుగా ఎంత? ఎంచుకోవడానికి 1, 2, 19, 21 ఇచ్చారు. లెక్క చేయనక్కర్లేదు. రెండు భిన్నాలూ ఒకటికి దగ్గర, కాబట్టి 2. సరిగ్గా చెప్పింది 24 శాతం. 19 అన్నవాళ్ళు 28 శాతం, 21 అన్నవాళ్ళు 27 శాతం.

ఆ 19, 21 ఎక్కడివి? పైవి కలిపితే 19, కిందవి కలిపితే 21. అంటే సగానికి పైగా పిల్లలకి భిన్నం అంటే ఒక సంఖ్య కాదు, గీతకి పైనా కిందా రెండు అంకెలు. ఇది ఇంటర్నెట్ లేని రోజుల మాట.

#5 పాతకాపు

మీరు 1978 తెస్తే నేను 2022 తెస్తా. 15 ఏళ్ళ పిల్లలకి పెట్టే పీసా పరీక్షలో 2018తో పోలిస్తే ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) దేశాల సగటు గణితంలో దాదాపు 15 పాయింట్లు పడింది, చదివి అర్థం చేసుకోవడంలో 10 పాయింట్లు. వాళ్ళ లెక్కలో ఏడాది చదువు సుమారు 20 పాయింట్లు. అంటే గణితంలో ముప్పావు ఏడాది పోయినట్టే. ఇదీ అపోహేనా?

#6 గళ్ళకాగితం

అపోహ కాదు. మహమ్మారి ఒక్కదాని మీదే నెట్టేయడానికీ లేదు. చదవడంలో, సైన్సులో సగటు దిగడం అంతకు దాదాపు పదేళ్ళ ముందే మొదలైంది. నేనంటున్నది వేరు. సగటు పడిందని తెలిస్తే ఎదుటివాడికి ఏ మెట్టు విరిగిందో తెలియదు. "స్టాండర్డ్స్ పడిపోయాయి" అన్న మాటతో ఒక్క ప్రశ్నకీ జవాబు రాయలేం.

పవర్ బ్యాంక్ ప్రశ్న సంగతి: అడిగినవాడు గుణకారం సరిగ్గానే చేశాడు, తప్పు లేబుల్‌ది. ఆ 10000 లోపలి సెల్ దగ్గర, 3.7 వోల్టుల మీద కొలిచింది. శక్తి 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచితే కాగితం మీదే 7400 మిల్లీ ఆంప్ అవర్లు. మార్పిడిలో పది పదిహేను శాతం వేడిగా పోతే 6300 నుంచి 6600. ఫోన్ మళ్ళీ దాన్ని తన బ్యాటరీ వోల్టేజీకి దించుకునేటప్పుడు మిల్లీ ఆంప్ అవర్ల అంకె తిరిగి పెరుగుతుంది గానీ, శక్తి ఇంకొంత పోతుంది. ఒకటిన్నర సారి ఎక్కిందంటే ఆ పవర్ బ్యాంక్ నిజాయితీగా పని చేస్తున్నట్టే. మిల్లీ ఆంప్ అవర్లు కాదు, వాట్ అవర్లు పోల్చుకోవాలి.

#7 కొత్తమొలక

నమస్తే అండీ, ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. ఎర్ర ఎల్ఈడీ ఒకటి 12 వోల్టుల 2 ఆంపుల అడాప్టర్‌కి పెట్టా. టప్‌మని ఒక్కసారి మెరిసి పోయింది. ఎల్ఈడీకి 20 మిల్లీ ఆంపులు చాలంటున్నారు కదా, 2 ఆంపులు మరీ ఎక్కువైనట్టుంది. 500 మిల్లీ ఆంపుల అడాప్టర్ కొంటే సరిపోతుందా?

#8 మల్టీమీటర్

సాక్ష్యం తనంతట తానే నడిచొచ్చింది. ఇంక నేను చెప్పేదేముంది.

#9 కావలి (మోడరేటర్)

మల్టీమీటర్ గారూ, ఆపండి. ఆ ప్రశ్నలో ఏం వాడాడో ఉంది, ఏం జరిగిందో ఉంది, ఎందుకనుకుంటున్నాడో కూడా ఉంది. మీ మొదటి పోస్టులో నాలుగోవాడు రాయనివన్నీ ఇతను రాశాడు. జవాబుంటే రాయండి, లేకపోతే వదిలేయండి.

#10 టంకంకడ్డీ

కొత్తమొలక, 500 మిల్లీ ఆంపులది కొన్నా ఇంకో ఎల్ఈడీ పోతుంది, డబ్బు దండగ. అడాప్టర్ మీద ఉన్న ఆంపులు అది ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎంత లాగాలో తేల్చేది తగిలించిన వస్తువు. ఎల్ఈడీకి తనను తాను అదుపు చేసుకునే గుణం లేదు. ఎర్రదాని మీద సుమారు 2 వోల్టుల దగ్గర అది బాగా వెలుగుతుంది. అక్కణ్ణించి వోల్టులో పదోవంతు పెరిగినా కరెంటు అమాంతం ఎగబాకుతుంది. నువ్వు ఏకంగా 12 పెట్టావు.

మధ్యలో ఒక రెజిస్టర్ (కరెంటుని అడ్డుకునే నిరోధం ముక్క) కావాలి. లెక్క ఇలా:

12లో ఎల్ఈడీ తీసుకునే 2 పోతే మిగిలిన 10 వోల్టులు రెజిస్టర్ మీద పడాలి. 20 మిల్లీ ఆంపులు కావాలంటే 10 ÷ 0.02 = 500 ఓములు. ఆ విలువ మామూలుగా దొరకదు. దొరికేవాటిలో పైది, 560 తీసుకో. కిందకి పోయి 470 తీసుకుంటే కరెంటు 21 దాటుతుంది.

వేడి కూడా చూడాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. 10 × 10 ÷ 560 అంటే దాదాపు 0.18 వాట్లు. పావు వాట్ రెజిస్టర్ తట్టుకుంటుంది గానీ చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అర వాట్‌ది పెట్టు. లేదా ఇంకా మంచిది, 1 కిలో ఓమ్ పెట్టు. 10 మిల్లీ ఆంపులే పోతాయి, వేడి 0.1 వాట్. వెలుతురు సగం అయినా కంటికి పెద్ద తేడా తెలియదు.

పొడుగు కాలు ప్లస్‌కి. కాళ్ళు కత్తిరించేసి ఉంటే అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. తిరగేసి పెట్టొద్దు, మామూలు ఎల్ఈడీలకి తిరుగు వోల్టేజీ 5 దాటకూడదు. రెజిస్టర్ ఏ కాలికి పెట్టినా ఒకటే.

మూడు ఎర్రవి వరసగా పెడితే వాటికి 6 పోయి 6 మిగులుతుంది, 390 ఓములకి 15 మిల్లీ ఆంపులు. ఐదు పెట్టాలని మాత్రం ఆశపడకు. రెజిస్టర్‌కి 2 వోల్టులే మిగులుతాయి. అడాప్టర్ 12 బదులు 13 ఇస్తే ఆ 2 కాస్తా 3 అయి కరెంటు సగానికి సగం పెరుగుతుంది. ఒక్క ఎల్ఈడీ ఉన్నప్పుడు అదే మార్పుకి పెరిగేది పదోవంతే.

#11 కొత్తమొలక

థాంక్స్ అన్నా. అంటే ఏమీ తగిలించకపోతే ఆ 2 ఆంపుల అడాప్టర్‌లోంచి వచ్చేది సున్నానా? ఇంకో డౌటు. రెజిస్టర్ ఎందుకు, సరిగ్గా 2 వోల్టులే ఇస్తే పోదా?

#12 సుద్దముక్క

సున్నాయే. నేను #2లో పెట్టిన ప్రశ్నకి జవాబు నువ్వే చెప్పావు.

సరిగ్గా 2 వోల్టులు ఇస్తే కాగితం మీద పని చేస్తుంది. చేతిలో ఎందుకు చేయదంటే, ఒకే ప్యాకెట్‌లోని రెండు ఎర్ర ఎల్ఈడీలు కూడా ఒకే వోల్టేజీ దగ్గర ఒకే కరెంటు తీసుకోవు. ఒకటి 1.8 దగ్గరే తీసుకునే కరెంటుకి ఇంకోటి 2.2 అడగొచ్చు. పైగా వేడెక్కితే ఆ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీ వోల్టులు తగ్గుతుంది. నువ్వు 2 దగ్గరే బిగించి కూర్చుంటే కరెంటు పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా పెరుగుతుంది. రెజిస్టర్ ఉంటే కరెంటు పెరిగినప్పుడల్లా దాని మీద ఎక్కువ వోల్టేజీ పడి ఎల్ఈడీకి తగ్గుతుంది.

#13 గళ్ళకాగితం

మాస్టారు చేసినట్టు తప్పుని బట్టి ప్రశ్న తయారు చేయడం అంకగణితంలో ఇంకా తేలిక. దశాంశాలు చూడండి. 0.35, 0.4లో ఏది పెద్దది? 0.35 అన్నవాడు బిందువు తర్వాత 35, 4 అని మామూలు సంఖ్యలుగా చదువుతున్నాడు. 0.4 అన్నవాడికి వచ్చినట్టేనా? అక్కడే బోర్లా పడతాం. "అంకెలు ఎక్కువుంటే చిన్నది, ముక్కలు చిన్నవి కదా" అనుకునే రెండో రకం పిల్లలున్నారు, వాళ్ళూ 0.4 అనే అంటారు. అందుకే జంటగా 0.75, 0.6 కూడా అడగాలి. మొదటి రకం ఇక్కడ ఒప్పు రాస్తుంది, రెండో రకం 0.6 అని దొరికిపోతుంది. రెండూ ఒప్పు రాసినవాడినే నమ్మాలి. పది ప్రశ్నలూ మొదటి జంటలాంటివే ఇస్తే రెండో రకం పిల్లాడికి పదికి పది వస్తాయి.

సమానం గుర్తు ఇంకో గుంట. 8 + 4 = ☐ + 5 ఇవ్వండి. 12 అని రాస్తారు. కొందరు అన్నీ కలిపి 17 అంటారు. 7 రాసేవాళ్ళు ఎందరో లెక్కపెట్టండి. "సమానం" అంటే "జవాబు ఇక్కడ రాయి" అనే ఆజ్ఞగా ముద్ర పడిపోయింది. బీజగణితంలో వాళ్ళకి సమీకరణం రెండు వైపులూ ఎందుకు ఒకేలా మార్చాలో అందుకే అర్థం కాదు. దీనికి మందు చవక: మొదటి తరగతి నుంచే 12 = 8 + 4 అని తిరగేసి రాయించడం, 7 + 5 = 8 + 4 లాంటివి ఒప్పా తప్పా అని అడగడం.

ఇంజనీరింగ్ వాళ్ళేదో పైనున్నారనుకోవద్దు. "ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు. సమీకరణం రాయండి" అని 1980 ప్రాంతంలో అమెరికాలో ఇంజనీరింగ్ కొత్త విద్యార్థుల్ని అడిగితే మూడోవంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువమంది తప్పు ఒకటే, 6 × విద్యార్థులు = ప్రొఫెసర్లు. ఇంగ్లీషు వాక్యంలో ఆరు రెట్లు, విద్యార్థులు, ప్రొఫెసర్లు అన్న వరసలో మాటలొస్తాయి, ఆ వరసలోనే అక్షరాలు పేర్చేశారు.

#14 పాతకాపు

ఇదంతా విన్నాక నా కోపం పరీక్షల మీదికి మళ్ళింది. ఫార్ములా రాస్తే ఒక మార్కు, విలువలు పెడితే ఒకటి, జవాబుకొకటి. జవాబు తప్పయినా రెండు వస్తాయి, అర్థం కాకపోయినా రెండు వస్తాయి. ఇచ్చిన ప్రతి అంకే వాడాలి, ఇవ్వనిదేదీ అక్కర్లేదు అని పిల్లలకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

1979 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లల్ని "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" అని అడిగితే 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే వయసు లెక్కగట్టారు. పిల్లలు మూర్ఖులై కాదు. బడిలో ప్రశ్నకి జవాబు ఉండి తీరుతుందని వాళ్ళకి అనుభవం.

అక్కర్లేని అంకె ఒకటి, తక్కువైన అంకె ఒకటి ఉన్న ప్రశ్నలు ప్రతి పేపర్లో పెడితే ఏడాదిలో కోచింగ్ నోట్సులు సగం చెత్తబుట్టలోకి పోతాయి. పెట్టరు, పాస్ శాతం పడిపోతుందని భయం.

#15 సుద్దముక్క

పెట్టేవాళ్ళకి ఒక నమూనా: "12 వోల్టుల 2 ఆంపుల అడాప్టర్‌కి (అ) 12 ఓములు, (ఆ) 6 ఓములు, (ఇ) 4 ఓముల రెజిస్టర్లు విడివిడిగా తగిలించాం. ఒక్కోసారి కరెంటు ఎంత?" మొదటి రెండూ 1, 2 ఆంపులు. మూడో దాంట్లో 3 అని రాసినవాడికి ఫార్ములా వచ్చు, అడాప్టర్ తెలియదు.

క్లాసులో అయితే ఇలాంటిది ఇచ్చి నిమిషం సేపు ఎవరికి వారే ఆలోచించి చేతులెత్తమనండి. 30 నుంచి 70 శాతం మధ్య ఒప్పు వస్తే వెంటనే జవాబు చెప్పకండి. పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్ళీ చేతులెత్తించండి. 30కి తక్కువైతే వాదించినా గుడ్డివాళ్ళ కొట్లాటే, పాఠం మళ్ళీ చెప్పాలి. 70 దాటితే ముందుకి పొండి. ఈ పద్ధతి హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ ప్రాచుర్యంలోకి తెచ్చినది. ఇలా విద్యార్థిని కదిలించే క్లాసుల్నీ ఉపన్యాసం క్లాసుల్నీ రిచర్డ్ హేక్ అనే భౌతికశాస్త్రవేత్త 1998లో పోల్చాడు. ఆరు వేలకు పైగా విద్యార్థుల యాంత్రిక శాస్త్రం ఫలితాలవి. మొదట్లో తెలియని దాంట్లో కోర్సయ్యాక ఎంత వంతు నేర్చుకున్నారన్నది కొలత. ఉపన్యాసాల్లో సగటున 0.23, రెండో రకంలో 0.48.

#16 చుక్కగీత

చాట్‌బాట్‌ని అడిగి జవాబు అతికించేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. జవాబు తప్పయినా పట్టుకునే కొలమానం అడిగినవాడి దగ్గర లేకపోవడమే అక్కడి చిక్కు. పై ఎల్ఈడీ లెక్కలో "మిల్లీ" మర్చిపోయి 10 ÷ 20 = 0.5 ఓములు అని వచ్చిందనుకోండి. అది దాదాపు రెజిస్టర్ లేకుండా నేరుగా తీగ కలిపినట్టే. అది తెలియనివాడు కొట్టుకెళ్ళి అర ఓమ్ రెజిస్టర్ అడుగుతాడు.

అడ్డదారి ఒకటి గుర్తుపెట్టుకోండి. వోల్టుల్ని మిల్లీ ఆంపులతో భాగిస్తే వచ్చేది కిలో ఓములు. 10 ÷ 20 = 0.5 కిలో ఓములు, అంటే 500. వోల్టుల్ని మిల్లీ ఆంపులతో గుణిస్తే మిల్లీ వాట్లు. 10 × 20 = 200. సున్నాల గొడవే ఉండదు.

#17 మల్టీమీటర్

నా మొదటి మాట మీదే ఉన్నా, పరీక్ష పెట్టాల్సిందే. మాస్టారి "ఏమీ తగిలించని అడాప్టర్" ప్రశ్న అయినా సరే.

ఎల్ఈడీ పోతే రూపాయితో పోతుంది. గోడ సాకెట్ జోలికి పోయేవాళ్ళకి మాత్రం ఓపికగా వివరించేముందు "ఆగు" అని చెప్పండి. వోల్టులూ ఆంపులూ కొలిచే మల్టీమీటర్ ఎర్ర తీగని 10 ఆంపుల రంధ్రంలో ఉంచి సాకెట్‌లో పొడిచినవాళ్ళ పోస్టులు వస్తూనే ఉన్నాయి. ఆ రంధ్రం వెనక ఉండేది ఓమ్‌లో వందో వంతు మాత్రమే నిరోధం ఉన్న లావుపాటి తీగ. సాకెట్‌కి అది నేరుగా షార్టే. చవక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు కూడా ఉండదు, పక్కనే "ఫ్యూజు లేదు" అని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. తీగ కొసలు కరిగి మొహం మీద చిమ్ముతాయి.

సాకెట్ కొలవాలంటే ముందు తీగ ఏ రంధ్రంలో ఉందో కళ్ళతో చూడాలి, తర్వాత నాబ్ ఏసీ వోల్టుల్లో పెద్ద రేంజ్‌కి తిప్పాలి. నాబ్ వోల్టుల మీద ఉండి తీగ ఆంపుల్లో ఉన్నా జరిగేది అదే ప్రమాదం. తీగల తొడుగు పగిలి ఉంటే కొలవొద్దు.

#18 కొత్తమొలక

1 కిలో ఓమ్ పెట్టా, వెలుగుతోంది. మీటర్ డీసీ వోల్టుల్లోనే పెట్టి చూశా 🙂 అడాప్టర్ 12.1, రెజిస్టర్ మీద 10.2, ఎల్ఈడీ మీద 1.9. అంటే 10.2 మిల్లీ ఆంపులు.

మాస్టారి 4 ఓముల ప్రశ్నకి నా జవాబు: 3 ఆంపులు కావాలి, దాని హద్దు 2, కాబట్టి 2 ఆంపుల దగ్గర ఆగిపోతుంది. కరెక్టేనా?

#19 టంకంకడ్డీ

సగం కరెక్టు. అక్కడే బుద్ధిగా ఆగే అడాప్టర్లు ఉన్నాయి. అప్పుడు వోల్టేజీ 2 × 4 = 8కి పడిపోతుంది. చాలావాటిలో మాత్రం రక్షణ సర్క్యూట్ మొత్తం ఆపేసి, క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆపేస్తుంది. టిక్ టిక్‌మని వినపడుతుంది, తగిలించిన లైటు మినుకుమినుకుమంటుంది. రక్షణ లేని నాసిరకందైతే కాసేపు 3 ఇచ్చి లోపల కాలిపోతుంది. హద్దు దగ్గర ఏమవుతుందో లేబుల్ మీద ఉండదు. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ఉంటే అందులో "ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్" అన్న వరస చూడు.

అది చూడ్డానికని 4 ఓముల రెజిస్టర్ తగిలించి ప్రయోగం చేసేవు. పావు వాట్ రెజిస్టర్ మీద 16 నుంచి 36 వాట్లు పడితే సెకన్లలో పొగ. కనీసం 50 వాట్లది, అల్యూమినియం తొడుగుది, ఇనుప పలక మీద బిగించి చేయాలి.

#20 కావలి (మోడరేటర్)

#10, #16, #17 పైన అతికిస్తున్నాను. #15లోని ప్రశ్న కూడా పెడుతున్నా, (ఇ)కి టంకంకడ్డీ గారి జవాబు జతచేసి. చేరేవాళ్ళకి పరీక్ష ఉండదు. "పని చేయట్లేదు" అని మాత్రమే రాసిన పోస్టులు మాత్రం ఇకనుంచి సరఫరా వోల్టేజీ (లోడు తగిలించి కొలిచినది), బోర్డుకి రెండు వైపులా ఫొటోలు వచ్చేదాకా తాళం వేసి ఉంటాయి. వెనకవైపు ఫొటో ఎందుకని అడక్కండి, సరిగ్గా అతకని టంకం అక్కడే కనపడుతుంది.